కాటా గదిలో పాత కంప్యూటర్: ఎక్స్‌పీని మళ్లీ ఎక్కించి, కదలకుండా నిలబెట్టడం ఎలా

లారీలను తూచే వేబ్రిడ్జి కాటా గదుల్లో, రైస్ మిల్లు ఆఫీసుల్లో, పెళ్లిపత్రికలు కంపోజ్ చేసే షాపుల్లో విండోస్ ఎక్స్‌పీ ఇంకా బతికే ఉంది. చీమకుర్తి గ్రానైట్ దారిలోనైనా, నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలోనైనా కారణాలు అవే. తూకం సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన మనిషి ఎటో వెళ్లిపోయాడు, ఆ ప్రోగ్రామ్ కొత్త విండోస్‌లో లేవదు. లేదంటే పేజ్‌మేకర్‌కూ అను ఫాంట్లకూ అలవాటుపడ్డ చేతులు మారనంటాయి. అలాంటి మిషన్‌లో హార్డ్ డిస్క్ పోతే, లేదా ఆన్ చేశాక టీ తాగొచ్చినా డెస్క్‌టాప్ రాకపోతే, ఏం చేయాలో వరుసగా చెప్పుకుందాం.

ముందుగా ఒక సంగతి తేల్చుకోండి. ఎక్స్‌పీ 2001 అక్టోబర్ 25న వచ్చింది. 2014 ఏప్రిల్ 8తో దానికి భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ చెలరేగినప్పుడు మైక్రోసాఫ్ట్ మనసు మార్చుకుని ఎక్స్‌పీకి కూడా ఒక ప్యాచ్ ఇచ్చింది గానీ, అలాంటి దయ ప్రతిసారీ ఉండదు. క్రోమ్ 49వ వెర్షన్‌తోనూ, ఫైర్‌ఫాక్స్ 52తోనూ దీన్ని వదిలేశాయి. కాబట్టి ఈ మిషన్‌కు ఒకటే పని అప్పగించండి, ఇంటర్నెట్ వైరు తగిలించొద్దు. జీఎస్టీ, ఈ-వే బిల్లు, మెయిల్ లాంటివన్నీ పక్కన ఇంకో కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో చేసుకోండి. మీ ప్రోగ్రామ్ కొత్త విండోస్‌లో నడుస్తుంటే అసలు ఇదంతా అక్కర్లేదు, ఇక్కడితో ఆపేయండి.

పాత డిస్క్ జోలికి పోవద్దు

ఎక్కువ మంది నష్టపోయేది ఇక్కడే. "ఫార్మాట్ కొట్టేద్దాం" అని పాత డిస్క్ మీదే మొదలుపెడతారు. సగంలో తెలుస్తుంది, తూకం ప్రోగ్రామ్ సెటప్ ఫైలు ఎవరి దగ్గరా లేదని. పాత డిస్క్‌ను ఊడదీసి, తేదీ రాసిన చీటీ అంటించి, బీరువాలో పెట్టండి. కొత్తగా 120 లేదా 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి కొని దాని మీద ఎక్కించండి. ఎక్స్‌పీకి ఇంతకంటే పెద్దది అనవసరం.

పాతది ఇంకా బూట్ అవుతుంటే, ఊడదీసే ముందు ఇవి చేసుకోండి:

1. తూకం సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్ పేజీకి ఫోన్‌తో ఫోటో తీయండి. కామ్ పోర్ట్ (సీరియల్ పోర్ట్) నంబరు, బాడ్ రేటు (డేటా వేగం), డేటా బిట్స్, పారిటీ, స్టాప్ బిట్స్ అన్నీ కనపడాలి.
2. ప్రోగ్రామ్ ఫోల్డర్ మొత్తం, డేటా ఫైలుతో సహా కాపీ చేయండి. వీటిలో చాలా వరకు పాత యాక్సెస్ డేటాబేస్ మీద నడిచేవే. ఆ ఫైలు ప్రోగ్రామ్ ఫోల్డర్‌లోనే ఉండొచ్చు, డి డ్రైవ్‌లో ఇంకెక్కడో ఉండొచ్చు. ఈ రోజు తేదీతో మారిన ఫైళ్లు వెతికితే దొరుకుతుంది.
3. డబుల్ డ్రైవర్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో డ్రైవర్లన్నీ బ్యాకప్ తీయండి. పాత బోర్డుకు డ్రైవర్ సీడీ ఎక్కడో పోయి ఉంటుంది, ఇది గంటల కొద్దీ వెతుకులాట తప్పిస్తుంది.
4. డీటీపీ (పేజీలు కంపోజ్ చేసే) మిషన్ అయితే ఫాంట్స్ ఫోల్డర్, కస్టమర్ల ఫైళ్లు, హార్డ్‌వేర్ లాక్ (సాఫ్ట్‌వేర్ నడవడానికి పోర్ట్‌కు తగిలించే చిన్న తాళం) ఉంటే దాని డ్రైవర్ సీడీ.
5. కేబినెట్ మీద అంటించిన విండోస్ లైసెన్స్ స్టిక్కర్‌కు ఫోటో. మన ఎండలకు, చేతి చెమటకు ఆ అంకెలు చెరిగిపోతుంటాయి.

కేబినెట్ విప్పితే

గ్రానైట్ దగ్గరైతే రాతి పిండి, మిల్లులో అయితే తవుడు దుమ్ము, కృష్ణపట్నం, కొత్తపట్నం లాంటి తీరం వైపైతే ఉప్పు గాలి. మూడూ మూడు రకాలుగా చంపుతాయి. రాతి పిండి ఫ్యాన్ బేరింగ్‌లో చేరి ఫ్యాన్‌ను బిగిస్తుంది. తవుడు దుమ్ము చెమ్మ తగిలితే హీట్‌సింక్ రెక్కల మధ్య గట్టిగా పేరుకుంటుంది. ఉప్పు గాలి ర్యామ్ కాళ్లను పట్టి, ఒకరోజు డిస్‌ప్లే రాకుండా చేస్తుంది.

కరెంటు వైరు పీకేసి, బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్‌ను వేలితో తిరక్కుండా పట్టుకోండి. ర్యామ్ తీసి, బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, రెండు వైపులా లాక్ టక్‌మని పడేదాకా నొక్కండి. ఆన్ చేయగానే ఆగకుండా బీప్ కొడుతుంటే ఎక్కువసార్లు ఈ పనితోనే సరిపోతుంది. ప్రాసెసర్ మీద థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే పాతది పూర్తిగా తుడిచి, బటాణీ గింజంత కొత్తది పెట్టండి. రోహిణి కార్తెలో ఏసీ లేని రేకుల గదిలో మధ్యాహ్నం పూట మాత్రమే రీస్టార్ట్ అయ్యే కంప్యూటర్‌కు జబ్బు ఇదే, వైరస్ కాదు.

బోర్డు మీది గుండ్రని సీఆర్2032 సెల్ మార్చేయండి. ఇది ఐపోతే ప్రతి పవర్ కట్‌కూ తేదీ వెనక్కి పోతుంది, కాటా చీటీల మీద పాత సంవత్సరం పడుతుంది. ప్రాసెసర్ చుట్టూ నిలబడిన కెపాసిటర్ల తలలు చూడండి. చదునుగా ఉంటే మంచిది. ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా ఆ బోర్డు మీద విండోస్ ఎక్కించి టైమ్ వృథా చేయొద్దు, ముందు బోర్డు సంగతి చూడండి. వేరే బోర్డు వెతుక్కోవాల్సి వస్తే ఇంటెల్ జీ31, జీ41, హెచ్61 చిప్‌సెట్లవి తీసుకోండి, వీటికి ఎక్స్‌పీ డ్రైవర్లు ఉన్నాయి. కొనేటప్పుడు వెనక సీరియల్ పోర్ట్ ఉందో లేదో చూసి కొనండి. ర్యామ్ 2 జీబీ చాలు. 4 జీబీ పెట్టినా 32 బిట్ ఎక్స్‌పీ మూడింటికి కాస్త పైన మాత్రమే వాడుకుంటుంది.

బయోస్‌లో మార్చాల్సినవి

బయోస్ అంటే విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగ్స్ తెర. అందులో తేదీ, టైమ్ సరిచేశాక సాటా మోడ్ చూడండి. అది ఏహెచ్‌సీఐ అని ఉంటే ఐడీఈ చేయండి. కొన్ని బోర్డుల్లో దాని పేరు కంపాటిబుల్, లెగసీ, ఏటీఏ అని ఉంటుంది. ఎక్స్‌పీ సీడీలో ఏహెచ్‌సీఐ డ్రైవర్ లేదు. మార్చకపోతే సెటప్ నీలి తెర మీద చివర 7బి అని ఉన్న ఎర్రర్‌తో ఆగుతుంది, లేదా హార్డ్ డిస్క్ దొరకలేదంటుంది. సీడీ చెడిపోయిందనుకుని నాలుగు సీడీలు మార్చేది ఇందుకే. ఒకసారి ఐడీఈలో ఎక్కించాక మళ్లీ ఏహెచ్‌సీఐకి తిప్పితే అదే ఎర్రర్ వస్తుంది, అలాగే వదిలేయండి.

సీరియల్ పోర్ట్ 1 ఎనేబుల్ అయి, అడ్రస్ 3ఎఫ్8, ఐఆర్‌క్యూ 4 అని ఉండాలి. కాటా గదికైతే కరెంటు పోయి వచ్చినప్పుడు దానంతటదే ఆన్ అయ్యేలా ఏసీ పవర్ లాస్ సెట్టింగ్‌ను ఆన్ చేయండి. కీబోర్డు ఊడినా బూట్ ఆగకుండా హాల్ట్ ఆన్ దగ్గర నో ఎర్రర్స్ పెట్టండి.

డిస్క్ ఎంపిక

సర్వీస్ ప్యాక్ 3 (మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అప్‌డేట్ల మూట) కలిసిన అసలు సీడీ కావాలి. సర్వీస్ ప్యాక్ 1కి ముందు సీడీలు 137 జీబీ దాటిన డిస్క్‌ను సరిగా చూడలేవు. ఉన్నది సర్వీస్ ప్యాక్ 2 సీడీ అయితే ఎన్‌లైట్ అనే ప్రోగ్రామ్‌తో 3ను అందులో కలిపి కొత్త సీడీ రాసుకోవచ్చు. డెల్, హెచ్‌పీ కంపెనీ మిషన్లతో వచ్చిన ఓఈఎం సీడీ ఉంటే ఇంకా నయం. అదే కంపెనీ బోర్డు మీద అది యాక్టివేషన్ అడగదు. మామూలు సీడీతో అయితే 30 రోజుల్లో యాక్టివేట్ చేయాలి.

నెట్‌లో దొరికే లైట్, బ్లాక్, గేమర్ ఎడిషన్లు వద్దు. లైసెన్స్ సంగతి అటుంచినా, సైజు తగ్గించడానికి అందులో ఏం కోసేశారో తెలియదు. తెలుగు భాషా ఫైళ్లు, పాత ప్రింటర్ల డ్రైవర్లు ముందు పోతాయి. మన పనికి కావాల్సినవి సరిగ్గా అవే.

సీడీ డ్రైవ్ పనిచేయకపోతే సీడీలోని ఫైళ్లను పెన్‌డ్రైవ్‌కు కాపీ చేసినంత మాత్రాన సరిపోదు. ఎక్స్‌పీ సెటప్ సగంలో పెన్‌డ్రైవ్‌ను మర్చిపోతుంది. విన్‌సెటప్‌ఫ్రమ్‌యూఎస్‌బీ అనే ప్రోగ్రామ్‌తో తయారుచేయాలి. యూఎస్‌బీ డీవీడీ రైటర్ అరువు దొరికితే అది ఇంకా తేలిక.

ఎక్కించే వరుస

ఎస్‌ఎస్‌డీ కొన్నవాళ్లు ఇది వదలొద్దు. ఎక్స్‌పీ తానుగా పార్టిషన్ చేస్తే 63వ సెక్టార్ నుంచి మొదలుపెడుతుంది. కొత్త డిస్క్‌లు లోపల 4 కేబీ గళ్ల లెక్కన రాస్తాయి, కాబట్టి ప్రతి రాత రెండు గళ్ల మీద పడి నెమ్మదిస్తుంది, ఎస్‌ఎస్‌డీ త్వరగా అరుగుతుంది. అందుకని ముందు విండోస్ 7 డీవీడీతోనో జీపార్టెడ్ లైవ్ సీడీతోనో పార్టిషన్లు చేయండి. అవి 2048వ సెక్టార్ నుంచి మొదలుపెడతాయి. సి డ్రైవ్‌కు 40 జీబీ, మిగతాది డి. రెండూ ఎన్‌టీఎఫ్‌ఎస్. జీపార్టెడ్‌లో అయితే మొదటిదానికి బూట్ ఫ్లాగ్ పెట్టడం మర్చిపోవద్దు. ఒక పది జీబీ ఏ పార్టిషన్‌కూ ఇవ్వకుండా ఖాళీగా వదలండి. చెరిపేసిన చోటు ఖాళీ అని ఎస్‌ఎస్‌డీకి చెప్పే ట్రిమ్ ఎక్స్‌పీకి తెలియదు, ఆ ఖాళీ ఎస్‌ఎస్‌డీకి ఊపిరి ఇస్తుంది.

1. ప్రింటర్, స్కానర్, హార్డ్‌వేర్ లాక్, ఇండికేటర్ (కాటా బరువు చూపే డబ్బా) కేబుల్ అన్నీ తీసేయండి. కీబోర్డు, మౌస్, మానిటర్ మాత్రమే.
2. సీడీ పెట్టి బూట్ చేయండి. ఏదో ఒక కీ నొక్కమన్నప్పుడు నొక్కండి.
3. ఎంటర్, తర్వాత ఒప్పందానికి ఎఫ్8.
4. పార్టిషన్ల జాబితాలో సి డ్రైవ్‌ను ఎంచుకుని ఎంటర్. ఫార్మాట్ అడిగినప్పుడు ఉన్న ఫైల్ సిస్టమ్‌ను అలాగే ఉంచమనే చివరి ఎంపిక తీసుకోండి. ఇక్కడ పార్టిషన్ తీసేసి మళ్లీ చేశారంటే పైన పడ్డ కష్టమంతా పోయినట్టే.
5. ఫైళ్ల కాపీ అయ్యాక రీస్టార్ట్ అవుతుంది. ఇప్పుడు కీ నొక్కమంటుంది. నొక్కొద్దు. నొక్కితే సెటప్ మళ్లీ మొదటికి వస్తుంది.

తర్వాత రంగుల తెర వచ్చి 39 నిమిషాలు అంటుంది. 34 దగ్గర పరికరాలను గుర్తించే పని జరుగుతుంది, అక్కడ కాసేపు నిలబడటం మామూలే. అరగంటైనా కదలకపోతే ఏదో ఒక కార్డు అడ్డుపడుతున్నట్టు. పవర్ తీసి, అదనపు పీసీఐ కార్డులు ఊడదీసి, మళ్లీ ఆన్ చేస్తే సెటప్ అక్కడి నుంచే అందుకుంటుంది.

మధ్యలో రీజినల్ సెట్టింగ్స్ తెర వస్తుంది. అందరూ నెక్స్ట్ కొట్టేసే తెర ఇది. మీరు కస్టమైజ్ నొక్కండి. మొదటి ట్యాబ్‌లో ఇంగ్లిష్-యునైటెడ్ కింగ్‌డమ్ (ఎక్స్‌పీలో ఇంగ్లిష్-ఇండియా లేదు), లొకేషన్ ఇండియా. లాంగ్వేజెస్ ట్యాబ్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్ ఫైళ్లు ఎక్కించమనే గడికి టిక్. ఆ టిక్ లేకపోతే యూనికోడ్ తెలుగు డబ్బాలుగానో, ఒత్తులు విడిపోయో కనిపిస్తుంది. టిక్ పెట్టాక ఎక్స్‌పీతోపాటే వచ్చే గౌతమి ఫాంట్‌తో తెలుగు సరిగా వస్తుంది. డీటెయిల్స్‌లోకి వెళ్లి తెలుగు కీబోర్డు కలిపితే ఇన్‌స్క్రిప్ట్ కూడా సిద్ధం. టైమ్ జోన్ చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉన్నది.

తేదీ వరుస గురించి నొక్కి చెప్పాలి. ఎక్స్‌పీని అలాగే వదిలేస్తే అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తర్వాత ఉంటుంది. పాత తూకం ప్రోగ్రామ్‌లు విండోస్ తేదీ వరుసనే నమ్ముకుంటాయి. డిసెంబర్ 5ను మే 12గా రాసుకుంటాయి, 13వ తేదీ నుంచి మాత్రం సరిగా రాస్తాయి. నెలాఖరు రిపోర్ట్ కలవదు, ఎక్కడ తప్పిందో ఎవరికీ అంతుపట్టదు. మొదటి ఎంట్రీ వేయకముందే వరుస రోజు-నెల-సంవత్సరంగా మార్చండి. తర్వాత మారిస్తే పాత ఎంట్రీలు సరికావు.

డ్రైవర్లు

చిప్‌సెట్ ముందు, ఆ తర్వాత డిస్‌ప్లే, ఆ తర్వాత మిగతావి. చిప్‌సెట్ వేయకుండా మిగతావి వేస్తే కొన్ని నిలవవు. సౌండ్ డ్రైవర్ మొరాయిస్తే సర్వీస్ ప్యాక్ చూసుకోండి. హెచ్‌డీ ఆడియోకు కావాల్సిన బస్ డ్రైవర్ సర్వీస్ ప్యాక్ 3లోనే కలిసి వచ్చింది. నిజానికి కాటా గదిలో సౌండ్ అక్కర్లేదు, బయోస్‌లో ఆపేసినా నష్టం లేదు.

డివైస్ మేనేజర్‌లో పసుపు ప్రశ్నార్థకం మిగిలితే దాని ప్రాపర్టీస్, డీటెయిల్స్ ట్యాబ్ తెరవండి. వెండర్ కోడ్ 8086 అంటే ఇంటెల్, 10ఈసీ అంటే రియల్‌టెక్, 10డీఈ అంటే ఎన్‌విడియా, 1002 అంటే ఏటీఐ. ఆ కోడ్, పక్కన డివైస్ కోడ్ రాసుకుని ఇంకో కంప్యూటర్‌లో వెతకండి. డ్రైవర్ వెతికిపెడతామనే ప్రోగ్రామ్‌లను ఈ మిషన్ దగ్గరికి రానీయొద్దు.

వేగం పెంచే చిట్కాల్లో పనికొచ్చేవి

చాలా చిట్కాలు ఉత్తుత్తివే. ప్రీఫెచ్ ఫోల్డర్ ఖాళీ చేస్తే వేగం పెరగదు, తర్వాతి బూట్ ఇంకా ఆలస్యమవుతుంది. నెట్ వేగంలో ఎక్స్‌పీ 20 శాతం దాచేస్తుందన్న మాట కూడా నిజం కాదు. రిజిస్ట్రీ క్లీనర్లు పాత తూకం ప్రోగ్రామ్ లైసెన్స్ ఎంట్రీని చెత్త అనుకుని ఊడ్చేయగలవు.

నిజంగా తేడా తెచ్చేవి కొన్నే. సిస్టమ్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, పెర్ఫార్మెన్స్‌లో బెస్ట్ పెర్ఫార్మెన్స్ ఎంచుకుని, ఫాంట్ అంచులు నునుపు చేసే గడికి మాత్రం మళ్లీ టిక్ పెట్టండి, లేకపోతే తెలుగు అక్షరం కళ్లకు గుచ్చుకుంటుంది. పేజింగ్ ఫైలు మొదటి సైజు, గరిష్ఠ సైజు రెండూ 1536 ఎంబీ. సిస్టమ్ రిస్టోర్ సి డ్రైవ్‌కు ఉంచి డి డ్రైవ్‌కు ఆపేయండి. ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి స్టార్టప్‌లో ప్రింటర్ ప్రకటనలు, అప్‌డేటర్లు తీసేయండి. సర్వీసుల్లో ఇండెక్సింగ్, రిమోట్ రిజిస్ట్రీ, ఆటోమేటిక్ అప్‌డేట్స్, మెసెంజర్ ఆపొచ్చు. ప్రింట్ స్పూలర్, ప్లగ్ అండ్ ప్లే, ఆర్‌పీసీ జోలికి వెళ్లొద్దు. ఆర్‌పీసీ ఆగితే విండోస్ మీద మీ పట్టు సగం పోతుంది.

పవర్ ఆప్షన్స్‌లో హార్డ్ డిస్క్ ఆపడం, స్టాండ్‌బై రెండూ నెవర్. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ ఒక్కొక్కటీ తెరిచి, కరెంటు ఆదా కోసం ఆపొచ్చనే టిక్ తీసేయండి.

పాత డిస్క్‌తోనే నడుపుతున్నవాళ్లు ఇది చూడాలి. ఉన్నట్టుండి అన్నీ నత్తనడక పట్టి, మౌస్ కూడా జెర్కులు ఇస్తుంటే డివైస్ మేనేజర్‌లో ఐడీఈ కంట్రోలర్స్, ప్రైమరీ ఐడీఈ చానల్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరవండి. కరెంట్ ట్రాన్స్‌ఫర్ మోడ్ దగ్గర అల్ట్రా డీఎంఏ ఉండాలి. పీఐఓ అని ఉంటే, డిస్క్ చదవడంలో ఆరుసార్లు తప్పులొచ్చి ఎక్స్‌పీ తానుగా పాత నెమ్మది పద్ధతికి దిగిపోయిందన్నమాట. ఆ చానల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే డీఎంఏ తిరిగొస్తుంది. వారంలో మళ్లీ పీఐఓకి దిగితే కేబుల్ మార్చండి. అప్పటికీ దిగితే డిస్క్ పోయే రోజు దగ్గరపడింది.

ఇండికేటర్ కలపడం

కాటా కంప్యూటర్‌కు గుండెకాయ ఇదే. సాఫ్ట్‌వేర్ తెరవకముందు హైపర్ టెర్మినల్‌తో పరీక్షించండి. ఎక్స్‌పీలో అది స్టార్ట్, యాక్సెసరీస్, కమ్యూనికేషన్స్‌లో ఉంటుంది. కొత్త కనెక్షన్‌కు ఏదో పేరు ఇచ్చి, కామ్1 ఎంచుకుని, ముందు ఫోటో తీసిన అంకెలు ఇవ్వండి. ఫోటో లేకపోతే ఇండికేటర్ పుస్తకం చూడండి. అదీ లేకపోతే 9600, 4800, 2400 వరుసగా, 8 బిట్స్, పారిటీ నన్, స్టాప్ 1 అని ప్రయత్నించండి. ఫ్లో కంట్రోల్ మాత్రం నన్ ఉండాలి.

బరువు అంకెలు వరుసగా పరుగెడుతుంటే పని అయినట్టే. పిచ్చి గుర్తులు వస్తే బాడ్ రేటో పారిటీయో కలవలేదు. కొన్ని ఇండికేటర్లు 7 బిట్స్, ఈవెన్ పారిటీ పంపుతాయి, అదీ చూడండి. ఏమీ రాకపోతే రెండు అనుమానాలు. ఒకటి, కేబుల్‌లో 2, 3 పిన్నులు తారుమారు కావడం. రెండోది, ఇండికేటర్ ఎడతెగకుండా పంపే పద్ధతిలో కాకుండా ప్రింట్ బటన్ నొక్కితేనే పంపే పద్ధతిలో ఉండటం. బటన్ నొక్కి చూస్తే తేలిపోతుంది. పద్ధతి మార్చాలంటే ఇండికేటర్ మెనూ వరకే. తూనికలు-కొలతల శాఖ వేసిన సీలు ముట్టుకోవద్దు, క్యాలిబ్రేషన్ జోలికి పోవద్దు.

పరీక్ష అయ్యాక హైపర్ టెర్మినల్ మూసేయండి. ఒక పోర్ట్‌ను ఒకేసారి ఒక ప్రోగ్రామే పట్టుకోగలదు. మూయకుండా తూకం ప్రోగ్రామ్ తెరిచి పోర్ట్ ఎర్రర్ చూసి కంగారుపడేవాళ్లు ఎందరో. ప్రోగ్రామ్ తెరవగానే ఎంఎస్‌కామ్32 ఫైలు లేదంటే, ఫోల్డర్ కాపీ కొట్టి నడపబోయారన్నమాట. అసలు సెటప్ నడపాలి, లేదా ఆ ఓసీఎక్స్ ఫైలును సిస్టమ్32 ఫోల్డర్‌లో పెట్టి రిజిస్టర్ చేయాలి.

ఇంకో వింత ఉంది. బూట్ అయ్యాక మౌస్ బాణం తెర మీద పిచ్చిగా గంతులేస్తుంది, తనే క్లిక్కులు కొడుతుంది. వైరస్ అని ఫార్మాట్ కొట్టించుకున్న కాటాలు ఉన్నాయి. ఇండికేటర్ ఆగకుండా పంపే అంకెలను చూసి ఎక్స్‌పీ సీరియల్ మౌస్ తగిలిందనుకుంటుంది, అంతే. ఇండికేటర్ కేబుల్ పీకి చూడండి, గంతులు ఆగుతాయి. కేబుల్ మళ్లీ పెట్టి, డివైస్ మేనేజర్‌లో మైస్ కింద సీరియల్ బాల్‌పాయింట్ అని కనిపించేదాన్ని డిసేబుల్ చేయండి. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే తర్వాతి బూట్‌లో మళ్లీ పుట్టుకొస్తుంది.

బోర్డు మీద సీరియల్ పోర్ట్ లేక యూఎస్‌బీ కేబుల్ వాడుతుంటే, వేరే సాకెట్‌లో పెట్టిన ప్రతిసారీ కామ్ నంబరు మారొచ్చు. పోర్ట్ ప్రాపర్టీస్, పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లో నంబరు కామ్1గా పెట్టి, ఆ సాకెట్ పక్కన స్కెచ్ పెన్‌తో గుర్తు పెట్టండి. చవక కేబుళ్లలో నకిలీ ప్రోలిఫిక్ చిప్‌లు ఉంటాయి. కొత్త డ్రైవర్ వాటిని కనిపెట్టి కోడ్ 10 అని నిలిపేస్తుంది. అసలైన ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్నది కొంటే ఆ గోల ఉండదు.

కార్తీకంలో వాయుగుండం పట్టి ఉరుములు మొదలైతే పని లేని వేళ ఇండికేటర్ కేబుల్‌నూ కరెంటు ప్లగ్గునూ పీకి ఉంచండి. మెరుపు ఎక్కువగా వచ్చేది బయట గుంతలో బరువును పసిగట్టే లోడ్‌సెల్ వైర్ల దారినే. ఆఫ్ చేసి ఉన్నా సీరియల్ పోర్ట్ కాలిపోతుంది.

చీటీ ప్రింటర్

ఎప్సన్ ఎల్ఎక్స్, టీవీఎస్ ఎంఎస్‌పీ లాంటి డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లలో వచ్చే ఫిర్యాదు ఒక్కటే: చీటీ చీటీకీ ప్రింటు కిందకో పైకో జరుగుతుంది. కాగితం పొడవు విండోస్‌కు చెప్పకపోవడమే కారణం. అది ఏ4 అనుకుని తోస్తుంది. ప్రింటర్స్ అండ్ ఫ్యాక్సెస్ తెరిచి, ఫైల్ మెనూలో సర్వర్ ప్రాపర్టీస్, అందులో కొత్త ఫారమ్ తయారుచేసే టిక్ పెట్టండి. పేరు కాటా చీటీ, వెడల్పు 10 అంగుళాలు, పొడవు 6 అంగుళాలు, మార్జిన్లు సున్నా. మీ కాగితం వేరే కొలత అయితే చిల్లుల వరుస నుంచి వరుసకు స్కేలు పెట్టి కొలవండి. తర్వాత ప్రింటర్ ప్రిఫరెన్సెస్‌లోనూ, డివైస్ సెట్టింగ్స్‌లో ట్రాక్టర్ ఫీడ్ దగ్గరా అదే ఫారమ్ ఎంచుకోవాలి. ఒకచోట పెట్టి రెండోచోట మర్చిపోతే మళ్లీ ఏ4కే పోతుంది.

డీటీపీ షాపుకు

పేజ్‌మేకర్ 7.0 కూడా 2001దే, దాని తర్వాత చిన్న సవరణలే గానీ పెద్ద వెర్షన్ రాలేదు. ప్రింటర్ తగిలించకపోయినా ఒక పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ డ్రైవర్‌ను డిఫాల్ట్‌గా ఉంచండి. పేజీ కొలతలన్నీ పేజ్‌మేకర్ ఆ డ్రైవర్‌ను చూసే లెక్కిస్తుంది. పేజ్‌మేకర్‌తోపాటే వచ్చే, పీడీఎఫ్ తయారుచేసే డిస్టిలర్ వేసుకుని, ప్రెస్‌కు పంపేది పీడీఎఫ్‌గా, ఫాంట్లన్నీ ఎంబెడ్ చేసి పంపండి. అను అక్షరాలు యూనికోడ్ కావు. అవతలివాళ్ల దగ్గర అదే ఫాంట్ లేకపోతే పెళ్లికొడుకు పేరు ఇంగ్లిష్ గుర్తుల గుట్ట అవుతుంది. ఫైలు పెరిగిపోతుంటే ప్రిఫరెన్సెస్‌లో సేవ్ ఆప్షన్‌ను ఫాస్టర్ నుంచి స్మాలర్‌కు మార్చండి, లేదా అప్పుడప్పుడు సేవ్ యాజ్ కొట్టండి. ఫాంట్లు మూటల కొద్దీ వేయొద్దు, వాడేవే వేయండి. అందులో ఒక్క పాడైన ఫాంట్ చాలు, పేజ్‌మేకర్ తెరుచుకోగానే మూసుకుపోవడానికి.

పెన్‌డ్రైవ్, ఆపరేటర్ ఖాతా

నెట్ లేని మిషన్‌కు వైరస్ వచ్చేది పెన్‌డ్రైవ్‌లోనే. ఎక్స్‌పీ ప్రొఫెషనల్ అయితే గ్రూప్ పాలసీలో కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, సిస్టమ్ కింద టర్న్ ఆఫ్ ఆటోప్లే ఎనేబుల్ చేసి, ఆల్ డ్రైవ్స్ ఎంచుకోండి. పెన్‌డ్రైవ్ ఒక్కటే కేటాయించి, ఎఫ్‌ఏటీ32లో ఫార్మాట్ చేయండి. ఎక్స్‌ఫ్యాట్ అయితే ఎక్స్‌పీ అదనపు ప్యాచ్ లేకుండా చదవదు. విండోస్ 10తో నెట్‌వర్క్ షేరింగ్ కోసం అందులో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి ఎస్‌ఎంబీ1 ఆన్ చేయమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. వన్నాక్రై దూరిన తలుపు అదే.

ఆపరేటర్‌కు లిమిటెడ్ ఖాతా ఇవ్వండి. పాత ప్రోగ్రామ్ అందులో తెరుచుకోకపోతే అది ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే డేటా రాస్తున్నట్టు. ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లో అయితే ఫోల్డర్ ఆప్షన్స్, వ్యూలో సింపుల్ ఫైల్ షేరింగ్ టిక్ తీస్తే ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్ కనిపిస్తుంది. ఆ ఒక్క ఫోల్డర్‌కు ఆపరేటర్ పేరు మీద ఫుల్ కంట్రోల్ ఇవ్వండి.

ఇమేజ్ తీసి పెట్టడం

అన్నీ పనిచేస్తున్న రోజునే, రేపటికి వాయిదా వేయకుండా, క్లోన్‌జిల్లా సీడీతో బూట్ చేసి మొత్తం డిస్క్ ఇమేజ్‌ను (ఉన్నదున్నట్టు నకలును) యూఎస్‌బీ హార్డ్ డిస్క్‌కు తీయండి. తీస్తే చాలదు. అంతే సైజు లేదా కొంచెం పెద్ద ఎస్‌ఎస్‌డీ ఇంకొకటి కొని, ఆ ఇమేజ్‌ను దాని మీదకు దించి, మిషన్‌లో తగిలించి చూడండి. అందులోనూ బరువు వచ్చి, చీటీ ప్రింటైతే దాన్ని కవర్లో పెట్టి దాచండి. లారీలు వరుసలో నిలబడ్డ రోజు డిస్క్ పోతే నాలుగు స్క్రూలు విప్పి మార్చుకుంటే చాలు. డేటా ఫైలు మాత్రం రోజూ సాయంత్రం పెన్‌డ్రైవ్‌లోకి వేరుగా తీసుకోవాలి, ఇమేజ్‌లో ఉండేది ఆ రోజుటిదే.

బోర్డే పోయి అలాంటిది దొరక్కపోతే, వేరే చిప్‌సెట్ బోర్డుకు ఇదే డిస్క్ తగిలిస్తే 7బి ఎర్రర్‌తో ఆగే అవకాశం ఎక్కువ. అప్పుడు కొత్త కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రామ్) వేసి, దాని లోపల ఎక్స్‌పీ ఎక్కించడం మేలు. వర్చువల్ మిషన్ సీరియల్ పోర్ట్స్ సెట్టింగ్‌లో పోర్ట్ 1ను హోస్ట్ డివైస్‌గా పెట్టి, బయటి విండోస్‌లో ఇండికేటర్ ఉన్న కామ్ నంబరు ఇస్తే లోపలి ఎక్స్‌పీకి అది కామ్1గా కనిపిస్తుంది. యూఎస్‌బీ హార్డ్‌వేర్ లాక్‌ను కూడా లోపలికి పంపొచ్చు. పాత ప్యారలల్ పోర్ట్ లాక్ అయితే మాత్రం ఆ దారి నమ్ముకోవద్దు. అలాంటి లాక్ ఉన్నవాళ్లు ఇప్పుడే, బోర్డు బాగున్నప్పుడే, అదే మోడల్ బోర్డు ఇంకొకటి పాత సామాన్ల షాపులో వెతికి పెట్టుకోండి.